ఆది జాకెట్టు

1992లో, గన్‌ఫౌండ్రీలో నేను పనిచేసే ఆఫీసు రికార్డు గదిలో, నా పై అధికారి తలుపు గడియ పెట్టి నన్ను బలవంతం చేశాడు. అప్పుడు నాకు నలభై నాలుగేళ్లు. పెళ్లి చేసుకోలేదు. మర్నాడు కూడా సమయానికే ఆఫీసుకు వెళ్లాను. ఆ నెల లెక్కల్లో ఒక్క తప్పూ రాలేదు. ఏడాదిలోపు అతను బదిలీ మీద వెళ్లిపోయాడు.

నాకు బాధ తెలియలేదు. అసలు ఏమీ తెలియలేదు. నాంపల్లి కిరాయి గదిలో లైటు ఆర్పి స్నానం చేసేదాన్ని. నీళ్లు వేడివో చల్లవో చేయి పెట్టి చూస్తే తెలిసేది. ఒంటిమీద పోసుకుంటే తెలిసేది కాదు. ఆరాధన అయ్యాక పాదిరిగారు చర్చి గుమ్మంలో నిలబడి అందరికీ చేయి కలుపుతారు. అందుకని చివరి కీర్తన మధ్యలోనే లేచి వచ్చేసేదాన్ని.

జాకెట్లకు మాత్రం ఇబ్బంది రాలేదు. పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే దర్జీ మన ఒంటిమీద టేపు పెట్టనక్కర్లేదు. అంతకుముందెప్పుడో కుట్టించుకున్న నీలం జాకెట్టే తొమ్మిదేళ్లు ఆది. మెడ మాత్రం మూసి కుట్టమనేదాన్ని. రానురాను అన్నీ వదులయ్యాయి. పిన్నులు పెట్టుకున్నాను.

2001 చివర్లో, అబిడ్స్‌లో నాకు కుట్టే దర్జీ కొట్టు మూసేశాడు. పక్క సందులో మేడమీద కుట్టే ఒకావిడ దగ్గరికి క్రిస్మస్ జాకెట్టు గుడ్డ, ఆ నీలం జాకెట్టు పట్టుకుని వెళ్లాను. ఆవిడ దాన్ని విప్పి చూసి, నన్ను చూసింది.

"గిది ఎవల్దమ్మా?"

"నాదే."

"నీదేంది! గిండ్ల నీతోటి ఇంకొకామె గూడ పడ్తది."

"ఆ కొలతకే కుట్టు."

"నేను కుట్టేది నీకమ్మా, గీ జాకెట్టుకు గాదు. జర గిట్ల రా."

టేపు పట్టుకుని ముందుకొచ్చింది. నేను వెనక్కి జరిగి మిషను బల్లకు తగిలాను. ఆవిడ ఆగిపోయింది. టేపు నా చేతిలో పెట్టింది.

"నువ్వే పెట్టుకో. నేను గీడికెల్లే చూస్త."

పమిట మీద నుంచే చుట్టుకున్నాను.

"గట్లయితే చీరె కొలతొస్తది తల్లీ."

పమిట తీసి చుట్టుకున్నాను. ముప్పై రెండు. ఆది జాకెట్టు ముప్పై ఎనిమిది. నమ్మక మళ్లీ చూశాను. ముప్పై రెండే.

వీపు కొలత నాకు అందలేదు. "నువ్వే తియ్యి," అన్నాను. ఆవిడ వేళ్లు మెడ వెనక జుట్టును పక్కకు తీశాయి. చల్లగా ఉన్నాయి. చల్లగా ఉన్నాయని నాకు తెలిసింది.

"ఎనక మెడ? గిప్పుడు ఏస్కున్న లెక్కనే మూసుడేనా?"

"ఆరంగుళాలు దించు."

"ఆరా! సలికాలమమ్మా, చర్చిల వణుకుతవ్."

"వణకనియ్యి."

జాకెట్టు తెచ్చుకున్న సాయంత్రం గదిలో తలుపు వేసి, అది తొడుక్కుని, వీపు మీది పమిట తీసి, ఫ్యాన్ వేసి దాని కింద కూర్చున్నాను. లైటు ఆర్పలేదు. మొదట ఏమీ లేదు. అలాగే కూర్చున్నాను. కాసేపటికి మెడ అంచు దగ్గర, ఆ తర్వాత వెన్ను మీద గాలి తగిలింది. సంతోషమని రాయలేను. బాగుంది. కుర్చీని ఫ్యాన్ కిందికి ఇంకొంచెం జరుపుకున్నాను.