స్వప్న గారి రెండో చాక్లెట్

నిన్న మిర్యాలగూడ బడిలో జెండా ఎగరేసి వచ్చి బీరువా తెరిస్తే, మిగిలిన చాక్లెట్ల వాసన గుప్పుమంది. ఉక్కకు మెత్తబడి, కాగితాన్ని వదలనంటున్న చవక చాక్లెట్లు. దేశభక్తికి వాసనంటూ ఉంటే ఇదే. దాంతోపాటు సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

చివ్వెంల దగ్గర నా మొదటి బడికి ఆవిడ హెడ్మాస్టర్. సొంతూరు కోదాడ. నేనప్పుడు కొత్త పంతులును. ఎవరైనా కంటతడి పెట్టబోతే జోకేసి చెడగొట్టడం తప్ప వేరే విద్య లేదు. ఆ పంద్రాగస్టున వానకు సగం మంది పిల్లలు రాలేదు. మనిషికి రెండు చొప్పున తెచ్చిన చాక్లెట్లు సంచీడు మిగిలాయి.

"దాచిపెడదాం మేడమ్, జనవరి జెండా కూడా వీటితోనే గట్టెక్కుతది" అన్నాను.

"అవి రానివాళ్ల వాటా. బండి తీయండి" అన్నారు.

ఇంటింటికీ తిరిగాం. ఎందుకు రాలేదని ఆవిడ ఎవరినీ అడగలేదు. ఒక చాక్లెట్ చేతిలో పెట్టి, "రెండోది బడిలో ఉంది" అనేవారు, అంతే. చివరి ఇల్లు గొర్లు కాసే మల్లయ్యది. అతని కూతురు స్వప్న ఏడో తరగతి. రెండు వారాలుగా బడి మాని మంద వెంట పోతోంది.

"ఇగ దాని సదువు ఖతం మేడమ్. గొర్లను ఎవలు సూస్తరు?" అన్నాడు మల్లయ్య.

మేడమ్ వాదించలేదు. "సరే అన్నా. ఇది పాపకి. రెండోది మాత్రం తనే వచ్చి తీసుకోవాలి."

తిరుగుదారిలో నేను ఊరుకోలేదు. "ఒక్క చాక్లెట్‌కు బడికొస్తదా మేడమ్?"

"మీరు టీ కోసం రావడం లేదా?"

రెండు రోజుల్లో పిల్లలంతా వచ్చి వాటాలు పట్టుకెళ్లారు. బీరువాలో ఒక్కటే మిగిలింది. స్వప్న ఇక రాదని తేల్చేసి, దాన్ని నేను తినేశాను. బాగానే ఉంది.

మర్నాడు ప్రార్థనకు ముందే గేటు దగ్గర స్వప్న. చేతిలో గొర్ల కర్ర.

"మేడమ్, నా రెండోది?"

మేడమ్ బీరువాలోని ఖాళీ సంచిని చూసి, నన్ను చూశారు. జీవితంలో మొదటిసారి నాకు జోకు తట్టలేదు. "సారు తెస్తారు, లోపల కూర్చో" అని ఆమెను తరగతిలోకి పంపారు. నేను సూర్యాపేట దాకా బండి కొట్టి, జీడిపప్పు వేసిన ఖరీదైన చాక్లెట్ తెచ్చాను. స్వప్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది గా చాక్లెట్ కాదు సార్. జెండా కాడ పంచింది కావాలె."

అప్పటికే కూతురిని వెతుక్కుంటూ మల్లయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంకా ఇయ్యలేదా?"

"సారు తిన్నడు నాయినా."

"పిల్లదాని వాటా తిన్నవా సారూ? నీకు సదువెవలు జెప్పిండ్రు?"

మేడమ్ నెమ్మదిగా అన్నారు: "ఆ రకం జెండా పండక్కే తెస్తాం అన్నా. మళ్లీ జనవరిలోనే."

"అయితే జనవరి దాక రోజొస్తది. గొర్లను నేను సూస్కుంట. వదులుతనా?"

వదల్లేదు. స్వప్న రోజూ ఉత్త చేతులతో వచ్చింది. రోజూ నన్ను అడిగింది. ఒకసారి మేడమ్ నాతో అన్నారు: "మీరు తినకపోతే ఈ పని అయ్యేది కాదు. అయినా ఇంకోసారి తినకండి." జనవరిలో అందరి ముందు ఆ చాక్లెట్ ఇస్తే, లోపల నిజంగా ఉందో లేదో విప్పి చూసుకున్నాకే తీసుకుంది. మర్నాడు కూడా బడికొచ్చింది. ఈసారి పుస్తకాల సంచితో.

నిన్న మా బడికి రానివాళ్లు పదకొండు మంది. తలా ఒకటి చొప్పున జేబులో వేసుకుని బండి తీశాను. రెండోవి బీరువాలో ఉన్నాయి. తాళం మాత్రం లెక్కల టీచరుకు ఇచ్చాను. నా సంగతి నాకు తెలుసు.