మిషన్ మూతికి కట్టిన బట్ట

నా మాట ఇంతవరకు ఎవరూ చెవిన పెట్టలేదు. నిజామాబాద్‌లో రైతులు పసుపు అమ్ముకునే గంజ్ దగ్గర జనరేటర్లు అమ్మే సేఠ్ పెట్టలేదు. మా ఇంట్లోవాళ్లేమో అయిపోయిందేదో అయిపోయింది, వదిలెయ్యమంటారు. అయిపోలేదు. అందుకే రాస్తున్నాను.

పదేళ్ల కిందట, డెబ్బైల మొదట్లో, మా బోధన్‌లో సాయంత్రమైతే కరెంటును నమ్మే పని లేదు. చెల్లెలి పెళ్లి కోసం ఆ దుకాణంలో చిన్న జనరేటర్ కొన్నాను. ఇద్దరు మోయగలిగేది. పందిరి నిండా బల్బులు, ఒక మైకు నడుస్తాయని సేఠ్ మాటిచ్చాడు.

చర్చిలో పెళ్లయింది. విందుకు కూర్చునే వేళకు కరెంటు పోయింది. జనరేటర్ నడిపాను. నల్లటి పొగ వచ్చింది. బల్బులు ఆరిపోయే బొగ్గుల్లా ఎర్రబడ్డాయి. మైకులో పాస్టర్ గారి ప్రార్థన ముక్కలు ముక్కలుగా వినిపించింది.

"ఏమయ్యా, పిల్లను చీకట్లనే అప్పజెప్తున్నవా? పొద్దుగాల మొఖం సూసి ఈమె కాదంటే ఏం జేస్తవ్?" అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. పందిరంతా నవ్వింది. చెల్లెలు తల దించుకుంది. బాల్కొండలో అత్తవారు ఇప్పటికీ ఆమెను 'చీకటి పెండ్లిపిల్ల' అనే పిలుస్తారు.

మర్నాడే సేఠ్ దగ్గరికి వెళ్లాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మిషన్ మంచిగనే ఉంది. నీ వైర్లే ఖరాబున్నయి" అన్నాడు, పదిమంది ముందు.

వైరు కురచ చేశాను. బల్బులు తగ్గించాను. ప్లగ్గు తుడిచాను. బలం రాలేదు. చివరికి గాలి పీల్చే మూతి దగ్గర చూశాను. అక్కడ మడతలు మడతలుగా బట్ట కట్టి ఉంది. గంజ్‌లో పసుపు దుమ్ము లోపలికి పోకుండా ఆ దుకాణం వాళ్లు ప్రతి మిషన్‌కూ అలాగే కడతారు. నా మిషన్ అమ్మేముందు కొనవచ్చినవాళ్లకు చూపించడానికి అక్కడే నడిపారు. పసుపూ నూనే కలిసి ఆ బట్ట అట్టలా గట్టిపడింది. విప్పి నడిపితే పొగ పోయింది, బల్బులన్నీ తెల్లగా వెలిగాయి.

సేఠ్‌కు చెప్పాను. "బట్ట మేం కట్టలే" అన్నాడు.

సరే అనుకున్నాను. జనరేటర్‌ను బస్సు మీదికెక్కించి గంజ్‌కు తెచ్చాను. పొద్దు గూకే వేళ, రైతులు బండ్లు కడుతుండగా, ఆయన దుకాణం ముందే పెళ్లి బల్బులు వేలాడదీశాను. అదే బట్ట కట్టి నడిపాను. ఎర్ర వెలుతురు. జనం మూగారు. బట్ట విప్పాను. గంజ్ రోడ్డంతా తెల్లబడింది.

"సేఠ్, నీ దుకాణంల మిషన్లన్నిటికి గిదే బట్ట కట్టిండ్రు గదా. లోపల గవి కనబడుతలేవా?" అన్నాడొక పసుపు రైతు.

సేఠ్ లేచి షట్టర్ దించుకున్నాడు. ఆ చప్పుడు నాకు ఈనాటికీ తియ్యగా ఉంటుంది. కానీ షట్టర్ దించడం జవాబు కాదు.

సేఠ్, మీరింకా ఆ గద్దె మీదే కూర్చుంటున్నారు. బాల్కొండ బస్సు మీ దుకాణం ముందు నుంచే పోతుంది. ఎక్కండి. మా చెల్లెలి అత్తగారింటి గడప ముందు నిలబడి, ఆ మేనమామ వినేలా చెప్పండి. ఆ బట్ట కట్టింది ఎవరు?