పలకలో పాత గాలి

మా సైన్సు పంతులమ్మ పోయారని గిద్దలూరు నుంచి వచ్చిన రైలు దిగినవాళ్లు చెప్పారు. ఆరు నెలలుగా అక్కడ చెల్లెలింట్లో ఉబ్బసంతో మంచం మీదే ఉన్నారు. గాలి ఎక్కడి నుంచి వచ్చిందో మా మార్కాపురం పిల్లలకు చెప్పిన మనిషి, చివరికి ఆ గాలే అందక పోయారు. దేవుడి మీద నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు.

మిషన్ స్కూల్లో పలక తుడవడానికి ఉమ్మి వేస్తే ఆమె ఊరుకునేవారు కాదు. "దీని వయసెంతో తెలుసునా పాపా? మీ ముత్తవ్వకు ముత్తవ్వ ఇది," అనేవారు. పెరట్లో వేపకొమ్మను తట్టి, "కూలి అడక్కుండా మాకు గాలి చేసిపెట్టేది ఈ ఊర్లో నువ్వొక్కదానివే," అని చెట్టుతో పరాచికాలాడేవారు. మేము పడీపడీ నవ్వేవాళ్లం.

ఒకనాడు నా పలకనే చేతిలోకి తీసుకున్నారు. "ఇది ఒకప్పుడు నీళ్ల అడుగున బురద. ఆనాటి గాలి ఇట్లాంటిది కాదు. మనం పీల్చినామంటే అక్కడే పడిపోతాం. నీళ్లలో పచ్చని పాచి పుట్టి, ఎండ తాగి, మనకు పనికొచ్చే గాలిని కొంచెం కొంచెం వదిలింది. చెట్లు చానా కాలానికి గాని రాలేదు. ఎన్ని ఏండ్లు పట్టిందో పుస్తకాలు రాసేటోళ్లే ఇంకా తేల్చుకోలేదు," అన్నారు. అంతలో గంట కొట్టారు. మేము లేచి పరుగెత్తాం.

నాకు నోరాగదు. పలకరాయిలో పాతకాలపు చెడ్డగాలి దాగుందనీ, రాయి చీలిస్తే బయటికొస్తుందనీ నాయనకు చెప్పాను. ఆమె అనని మాట అది, నా సొంత తెలివి. నాయన పలకల గనిలో పనివాడు. చదువుకునే కూతురు ఏం చెప్పినా ఆయనకు గొప్పే.

వానలకు మూసిన గనిని మళ్లీ తెరిచేటప్పుడు ముందు తాడుకు దీపం కట్టి దించేవాళ్లు. దీపం ఆరితే అడుగున చెడ్డగాలి ఉన్నట్టే, ఎవరూ దిగరు. ఆకుమండలు దించి ఆడించి, గాలి కదిలాకే దిగుతారు. ఆ ఏడు నాయన దీపం వద్దన్నాడు. "ఇన్ని నెలలు ఎవురూ రాయి చీల్చలేదు గదా, చెడ్డగాలి యాడనుంచి వస్తాది? మా పాప సదివింది," అని నడుముకు తాడు కట్టుకొని దిగాడు. అడుగుకు చేరగానే పడిపోయాడు. చిన్నాయన తాడు లాగి పైకి తీశాడు. సాయంత్రానికి గాని కళ్లు తెరవలేదు.

ఇక బడి ముఖం చూడకూడదనుకున్నాను. మూడోనాడు పంతులమ్మే మా ఇంటికి వచ్చారు. నేను తలుపు వెనక దాక్కున్నాను.

"పాప తప్పు కాదన్నా. నేనే సగం చెప్పి గంటకు వదిలేసినాను. చెడ్డగాలి రాయిలో లేదు. కదలని గుంతలో అడుగుకు చేరి నిలబడతాది," అన్నారు.

నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత, "రేపు పంపిస్తాలే పంతులమ్మా," అన్నాడు.

అప్పటి నుంచి గంట కొట్టినా మమ్మల్ని లేవనిచ్చేవారు కాదు. "నేను చెప్పింది కాదు, నువ్వు విన్నది చెప్పు," అని ఎవరో ఒకరిని నిలబెట్టేవారు. ఈనాడు అదే బడిలో నేనూ అదే చేస్తున్నాను, పిల్లలు విసుక్కుంటారు.

రైలు పొగ చూసినప్పుడల్లా ఈ గాలి ఇంకా మారుతుందా అని ఆమెను అడగాలనిపించేది. సెలవుల్లో పోయి అడుగుదామని వాయిదా వేస్తూ వచ్చాను. ఇప్పుడు ఆ గొంతు ఒక్కసారి వింటే చాలు, జవాబు లేకపోయినా సరే.

సమాధి చేసేనాడు నాయన కూడా నాతో గిద్దలూరు వచ్చాడు. ప్రార్థన అయి అందరూ కదిలాక, కొత్త మట్టి వైపే చూస్తూ అన్నాడు: "ఆ పొద్దు నిన్ను బడి మాన్పించాలని ఖాయం చేసుకున్నా పాపా. చిన్నాయనతో చెప్పినా గూడా. ఆయమ్మ వచ్చి తప్పు తనమీద ఏసుకున్నాక, పంపనని చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

ఇన్నేళ్లూ ఆ మాట నాకు తెలియదు. ఆమెకు తెలుసేమో. నాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకొని, నోరు తెరిచి గట్టిగా ఊపిరి తీసుకుంటున్నాడు. నేను పక్కనే నిలబడి వింటూ ఉండిపోయాను.