పురుగులు పండే టైము

నిన్న కొడుకు మందుల కోసం పుంగనూరు బస్టాండులో నిలబడి ఉంటే, కండక్టరు "టైమైపోయింది, ఎక్కండెక్కండి" అని అరిచాడు. నేను ఉలిక్కిపడ్డాను. బస్సు పోతుందని కాదు, టైమనే మాటంటేనే నాకు భయం.

నేను చదువుకున్నదాన్ని కాదు. ఇంగ్లీషులో నాకు బాగా తెలిసిన మాట అదొక్కటే. మా ఇంట్లో అది అన్నిటికీ పనికొచ్చేది. వాన రాకపోతే టైము బాగలేదు, కోడలు అలిగితే టైము బాగలేదు. మా ఆయనకు మాత్రం పట్టుపురుగులు పండే వేళే టైము. పురుగులు ఆకు మానేసి తేనెరంగుకు తిరిగాయంటే, ఏరి చంద్రికల మీద వెయ్యాలి, అంటే అవి గూళ్లు కట్టుకునే వెదురు తడికల మీద. ఆలస్యమైతే ఎక్కడపడితే అక్కడ కట్టేస్తాయి. అందుకే ఏరడం అయ్యేదాకా ఎవరూ షెడ్డు దాటకూడదని ఆయన కట్టడి.

ఒక పంటకు అట్లా ఏరుతూనే ఆయన రొమ్ము పట్టుకున్నాడు. ఆస్పత్రికి పోదాం పా అన్నాను. "ఇప్పుడు టైం యాడుండాదే? సాయంత్రం పోదాంలే" అని నవ్వాడు. సాయంత్రం దాకా ఆయన ఉండలేదు.

పోయినేడు ఒక పంటకు అదే షెడ్డులో నా కొడుకు. కోడలు కుప్పంలో పుట్టింటికి పోయింది, ఉన్నది మేమిద్దరమే. చూస్తే వాడికి చెమటలు కారుతున్నాయి, ఎడమ చెయ్యి పిసుక్కుంటున్నాడు.

"ఏంరా?"

"గ్యాసు మా. టైం లేదు, నువ్వు ఏరు."

వాడి చేతిలోని చంద్రిక లాక్కుని అవతల పడేశాను.

"యాలమ్మా అట్ల సేస్తావు? పంటంతా పోతాది!"

"పోనీరా. మీ నాయన గూడా ఇట్లే అనె. లేస్తావా, ఊరంతా కూడేటట్టు అరిసేదా?"

ఆటోలో మదనపల్లె పోయేదాకా వాడి చెయ్యి వదల్లేదు. కళ్లు మూసినప్పుడల్లా గిల్లాను. "గుండె నొప్పి కంటే నీ గిల్లుడే నొప్పిగా ఉండాది మా" అన్నాడు. నవ్వలేకపోయాను, మళ్లీ గిల్లాను.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి "టైముకు తెచ్చినారమ్మా" అంది. అక్కడే నేల మీద కూలబడ్డాను.

ఇంటికొచ్చేసరికి పురుగులు షెడ్డు గోడల మీద, దూలం మీద, మా ఆయన చొక్కా తగిలించే మేకు మీద కూడా గూళ్లు కట్టేశాయి. ఆ మేకు మీది గూడు మాత్రం నేను పీకలేదు.

కొడుకు ఇప్పుడు తిరుగుతున్నాడు. అయినా పురుగులు పండినప్పుడల్లా ముందు వాడి మొహం చూస్తాను, తర్వాతే పురుగును. పురుగుకు వేళ దగ్గరపడితే ఒళ్లు రంగు మారి చెబుతుంది, మనిషి మాత్రం వేళ దగ్గరపడినా నవ్వుతూనే ఉంటాడు.