నవంబరు ఒకటిన మూసిన ఆఫీసు

1983 అక్టోబరు 31, సోమవారం, ఉదయం ఆరుంబావుకి టాటాలోని మా బారిడీహ్ క్వార్టరు నుంచి రిక్షాలో బయలుదేరాం. నేను, నా చెల్లెలు పార్వతి, అది పెంచుకున్న సరోజ. పార్వతికి కడుపులో పుండు ముదిరిపోయింది. డాక్టరు పదిహేను రోజులన్నాడు. దానికి భర్త నుంచి వచ్చిన ఎనభై సెంట్ల పల్లం శ్రీకాకుళం దగ్గర ఉంది. కడుపున పిల్లలు లేరు, సరోజకు దత్తత కాగితం లేదు. పార్వతి పోతే భూమి మరిది కొడుకులది. వీలునామా రాస్తే వాళ్లు కోర్టుకు ఈడుస్తారని, తానే వెళ్లి సరోజ పేర దానపత్రం రిజిస్టరు చేయిస్తానంది.

ప్రయాణం కుదిర్చింది నేనే. వర్జ్యం చూశాను. గోడ మీది క్యాలెండరు చూశాను. నవంబరు ఒకటి నల్ల అంకెలో ఉంది.

ఏడున్నర ప్యాసింజరు పదకొండున్నరకు ఖరగ్‌పూరు చేర్చింది. అటుకులు తిన్నాం; పార్వతి మంచినీళ్లే తాగింది. మద్రాసు వెళ్లే బండి ఆలస్యమై నాలుగింటికి వచ్చింది. టాటా పక్కనే గమ్హరియాలో ఫిట్టరుగా చేసే పలాస మనిషి తన కింది బెర్తు ఇచ్చాడు.

“పడుకో పిన్నీ. ఏ ఊరెల్తన్నారు?”

“నా ఎనభై సెంట్లకి పెళ్లి సేద్దారని, బాబూ. పెళ్లికూతురు అదిగో, కిటికీ కాడ,” అంది పార్వతి.

“మా, చుప్ రహో,” అని సరోజ హిందీలోనే ఊరుకోమని మందలించింది.

తెల్లవారి ఐదింటికి ఆమదాలవలసలో దిగి, బస్సులో ఎనిమిదికల్లా శ్రీకాకుళం చేరాం. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద చాప పరిచి పార్వతిని పడుకోబెట్టాను. పదిన్నరయినా తలుపు తీయలేదు. ఎదుటి బడిలో పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. పదకొండుకు వాచ్‌మన్ వచ్చాడు.

“ఈయేల సెలవు కదమ్మా. ఆంధ్రప్రదేశ్ పుట్టిన్రోజు. ఎక్కడినుంచొచ్చినారేటి?”

“టాటా నుంచి.”

“అక్కడ ఈ పండగ సెయ్యరేటి?”

చెయ్యరు. మేం ఊరు విడిచింది 1949లో. అప్పటికిది మద్రాసు రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజున కూడా మా మగవాళ్లు డ్యూటీకే వెళ్లారు. ఆ తేదీకి ఇక్కడ సెలవుంటుందని తెలుసుకోవలసిన అవసరం ఇరవై ఏడేళ్లలో మాకు రాలేదు.

రిజిస్ట్రారు ఇంటికి వెళ్లాను. ఆయన సొంతూరు వెళ్లారట, మర్నాడు పదికి వస్తారట.

“రేపేనేటి, అప్పా?” అంది పార్వతి.

“రేపు పదింటికి.”

“సర్లే. నువ్వు తప్పు సేసినావని ఒక్కసారైనా అనాలనుండేది. ఇన్నాళ్లకి దొరికినావు.”

సత్రంలో గది తీసుకున్నాం. సాయంత్రం ఆరింటికి దానికి మాట పడిపోయింది. రెండో తేదీ ఉదయం ఏడుంబావుకి పోయింది. మధ్యాహ్నం నాగావళి ఒడ్డున దహనం. మరిది కొడుకులిద్దరూ వచ్చారు, పెద్దవాడు తలకొరివి పెట్టాడు. భూమి మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తవలసిన అవసరం వాళ్లకు లేదు.

మూడో తేదీ మధ్యాహ్నం బండికి తిరిగి బయలుదేరాం. పలాస దాటాక సరోజ తెలుగులో అడిగింది.

“పెద్దమ్మా, ఇప్పుడు నేనేటి సెయ్యాల?”

అందుకే ఇది రాస్తున్నాను. టాటా నుంచి ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు ఆంధ్ర ప్రభుత్వ సెలవుల జాబితా ముందే తెప్పించుకోండి. మన గోడ మీది క్యాలెండరు అక్కడికి చెల్లదు.

పోయినవి ఇవి. నా చెల్లెలు పార్వతి, వయసు యాభై ఆరు. సరోజకు చెందవలసిన ఎనభై సెంట్ల పల్లం. ఒక మంగళవారం.