దానియేలన్న పేరు, ఆ చిన్న క్యాపిటల్స్

నిన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తుతాంటే ఆదోని నుంచి వదిన ఫోను.

మీ అన్న లేపితే లెయ్యల్యా మే, అనింది.

షట్టర్ సగంలోనే వదిలేసినా. మొన్న సాయంత్రం కూడా ఫోన్లో నన్ను తిట్టిన మనిషి. ఎట్ల నమ్మాల?

తెలియని వాళ్లకు చెప్తాండా. దానియేలన్న ఆదోనిలో డీటీపీ షాపు నడిపినాడు. ఈ పొద్దు ఎమ్మిగనూరులో నాకో చిన్న షాపు ఉందంటే ఆయప్ప నేర్పిన పనే.

అన్న షాపులో నేను పనికి చేరిన కొత్తలో ఒక పెండ్లికార్డు వచ్చింది. ఇంగ్లీషు పేర్లు చిన్న క్యాపిటల్స్‌లో, అంటే చిన్నక్షరాల ఎత్తులోనే ఉండే పెద్దక్షరాల్లో కావాలన్నారు. నేను వర్డ్‌లో స్మాల్ క్యాప్స్ టిక్కు కొట్టి, అయిపాయ అన్నా అంటి.

అన్న ప్రింటు తీసుకోని వెలుతురులోకి పోయి చూసినాడు. మొదటి అక్షరం లావు, మిగిలినవన్నీ బక్కగా ఉండాయి.

ఇది పెద్దక్షరాన్నే కుదించింది మే, అసలైనవి విడిగా గీస్తారు, లావు సమానంగా ఉంటాది అన్నాడు. దానికని వేరే ఫాంటు పెట్టుకోని ఉండె. అందులో మామూలుగా టైప్ చేస్తే చాలు, అసలు స్మాల్ క్యాప్స్ పడతాయి.

పెండ్లోళ్లు బయట గొణుగుతా ఉండారు. టీ తెప్పిచ్చి కూర్చోబెట్టి, మొత్తం మళ్లీ చేయించినాడు.

ఇంత సన్న తేడా ఎవరు చూస్తారన్నా అని విసుక్కుంటి.

"పేరు కదా మే" అన్నాడు. అంతే.

ఆ ఫాంటు లేని సిస్టంలో ఫైలు తెరిస్తే మామూలు అక్షరాలు వచ్చేస్తాయి. అందుకే ఫాంటును ఫైల్లోనే కలిపి సేవ్ చెయ్యి, ఆ టిక్కు మర్సిపోవద్దు అని ఎన్నిసార్లు చెప్పినాడో.

మా చర్చిలో ఎవరు పోయినా సమాధి ప్రార్థన కాగితం అన్నే చేసేవాడు. ఆయప్పది నేను చెయ్యాల్సొచ్చె. ఏడ్చుకుంటా, ఇంగ్లీషులో పేరు ఆ ఫాంటులోనే పెట్టి చేసి, ఈ పొద్దు తెల్లారంగానే ఆదోని ప్రెస్‌కు పంపి బస్సెక్కినా.

సగం దూరం పోయినాక గుర్తొచ్చె. ఫాంటు కలిపే టిక్కు కొట్టల్యా.

ప్రెస్‌కు ఫోను కొడితే ఎత్తరు. మళ్లీ కొడితే ఎత్తరు. బస్సేమో చెయ్యెత్తిన ప్రతి చోటా ఆపుతాంది. దేవా, ఈ ఒక్కసారికి కాపాడు అనుకుంటా కూర్చుంటి.

పోయేసరికి కాగితాలు అందరి చేతుల్లో ఉండాయి.

అన్న పేరు ఉత్త మామూలు అక్షరాల్లో, రేషన్ కార్డులో ఉన్నట్ల. ఎవ్వరికీ ఏ తేడా కనపడల్యా.

వదిన నా మొహం చూసి ఏమైందే అని అడిగింది. దాయలేకపోయినా. అంతా చెప్పేసి, తప్పయిపోయింది వదినా, పాస్టరు గారు కూడా వచ్చేసినారు, ఇంక టైం లేదు అంటి.

ఆమె లేసి లోపలికి పోయింది. బీరువాలోంచి అన్న షాపు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పోయి మళ్లీ కొట్టుకోని రా మే. మట్టి కాసేపు ఆగుతాది."

అన్నా, నీ కుర్చీలో కూర్చోని చేసినా. మూడుసార్లు ప్రింటు తీసి చూసుకున్యా. బాగుందో లేదో చెప్పేదానికి నువ్వు లేవు.

పెట్టె మూసేముందు నీ చేతికింద వదిన పెట్టిన కాగితం అదే.

నెమ్మదిగా పండుకో దానియేలన్నా. ప్రభువు ఒడిలో నీకు విశ్రాంతి దొరకాల.