తల్లి వేషం కుట్టిన వేసవి

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి లైనింగు గుడ్డ కోసం బట్టల దుకాణంలోకి వెళ్ళినప్పుడల్లా, కొత్త తాను విప్పగానే లేచే గంజి వాసన నన్ను కొత్తపేట సందులో మేం కిరాయికున్న ఇంటి వరండాలోకి లాక్కుపోతుంది. తెలంగాణ కోసం జనం రోడ్ల మీదికొచ్చిన రోజులు అవి. నాకు తొమ్మిదేళ్ళు, ఎండాకాలం సెలవులు. పండ్ల మార్కెట్ నుంచి మామిడిపండ్ల వాసన, ముగ్గినవీ కుళ్ళినవీ కలిసిపోయి, పొద్దున్నే కిటికీలోంచి దూరి చీకటి పడేదాకా మాతోనే కాపురముండేది.

ఆ ఇంట్లో రెండు పోర్షన్లు. ఒకదాంట్లో నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన మేము, రెండోదాంట్లో తెనాలి నుంచి వచ్చిన సుబ్బలక్ష్మి ఆంటీ వాళ్ళు. మధ్య వరండాలో ఆంటీ కుట్టుమిషను. మిషను ఆమెది, వరండా అందరిదీ కాబట్టి పని ఇద్దరిదీ అయిపోయింది. ఆంటీ కత్తిరించి మిషను తొక్కితే, మా అమ్మ యాదమ్మ చేతికుట్లు, హుక్సులు, అంచులు చూసేది. ఒక్క జాకెట్టు మీద రెండు యాసలు పోట్లాడుకునేవి. "అక్కా, జర ఒదులు పెట్టు, పిల్లకు ఊపిరాడాలె" అని అమ్మ అంటే, "నీ వదులు తగలెయ్య, గోనెసంచిలా ఉంటుందే" అని ఆంటీ నవ్వేది.

ఆ వేసవిలో పనులన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఊళ్ళో మా చిన్నమ్మ పెళ్ళి, దానికి ఇంట్లో ఆడవాళ్ళందరికీ జాకెట్లు. గుడి పందిట్లో కోలాటం ఆడే పిల్లలకు పావడాలు. అది చాలదన్నట్టు కాలనీలో ఉద్యమం ఆటపాటల సభ. ఇంటి ఓనరు కొడుకు శ్రీనన్న వచ్చి, బతుకమ్మ ఆడే ఆడపిల్లలకు లంగా ఓణీలు, మధ్యలో నిలబడే తెలంగాణ తల్లికి వేషం కుట్టాలన్నాడు. ఆ తల్లిని నేనే. ఆటలో నా అడుగులు ఎప్పుడూ తప్పుతాయని, నిలబెడితే గొడవుండదని నన్ను ఎంచారట. నేను మాత్రం అందానికే అనుకుని నెల రోజులు విర్రవీగాను.

ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. అన్నంలో దారప్పోగులు, చాప మీద గుండుసూదులు, పొయ్యి మీద మాడిన పప్పు. నల్లా వచ్చిందంటే ఒకరు బిందెలు పట్టుకుని ఉరికేవారు, ఇంకొకరు మిషను మీద కూర్చునేవారు. ఆవకాయ కలుపుతున్న చేతిని తెల్లగుడ్డకు దూరంగా పైకెత్తి పట్టుకుని, "కత్తెర నువ్వు పట్టవే, నేను చెప్తా" అని ఆంటీ అమ్మకు కత్తిరింపు నేర్పింది అప్పుడే. కోలాటం పావడాకు కుట్టాల్సిన చెమ్కీ అంచును పెళ్ళికూతురి జాకెట్టుకు కుట్టేసి, ఆ సంగతి చూసుకున్నాక, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుకుని ఇద్దరూ కూర్చుని విప్పారు.

తల్లి వేషానికి పట్టుచీర కావాలి. మా ఇంట్లో ఉన్న ఒక్క పట్టుచీర చిన్నమ్మ పెళ్ళికి అమ్మ కట్టుకోవాలి. ఆంటీ పెట్టె తెరిచి గులాబీ రంగుకు ఆకుపచ్చ అంచున్న చీర తెచ్చింది. మడతల దగ్గర చిరిగిందని చెప్పింది గానీ మాకు చిరుగు కనబడలేదు.

"పెండ్లి చీరె కదక్కా?" అని అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"పెట్టెలో మగ్గేకంటే పిల్ల ఒంటి మీదుంటే బాగోదూ?" అని ఆంటీ కత్తెర వేసేసింది. కుచ్చిళ్ళు కుట్టి, నేను పావడాలా తొడుక్కునేలా చేసి, మామిడిపండ్ల అట్టపెట్టెకు బంగారు కాగితం అంటించి కిరీటం కూడా తనే చేసింది.

సభకు రానంది ఆంటీ. రోజులు అలాంటివి, ఎదురుపడితే నవ్వే మనుషులే గుంపులో చేరితే వేరేగా మాట్లాడేవారు. "నువ్వు రాకుంటే పిల్ల చీరె ఎవలు సదురుతరు?" అని అమ్మే బలవంతాన తీసుకొచ్చి, ముందు వరసలో తన పక్కన కూర్చోబెట్టుకుంది.

నా ఒక చేతిలో బతుకమ్మ, ఇంకో చేతిలో మక్క కంకి. "బొమ్మ లెక్క నిలబడాలె, కదలొద్దు" అన్నాడు శ్రీనన్న. పాటలయ్యాక బయటి నుంచి వచ్చిన ఒకాయన మైకు అందుకున్నాడు. నీళ్ళ గురించి, కొలువుల గురించి చెప్తుంటే అందరూ చప్పట్లు కొట్టారు, ఆంటీ కూడా కొట్టింది. తర్వాత ఆయన గొంతు పెంచి, ఆంధ్రోళ్ళు మూటముల్లె సదురుకోవాలన్నాడు. అక్కడితో ఆగక, వాళ్ళ ఆడవాళ్ళ మాటతీరును వెక్కిరిస్తూ ఇంకో మాటన్నాడు. అది నేనిక్కడ రాయను. జనం గొల్లున నవ్వారు. ఆంటీ ఒళ్ళో ఉన్న సూదుల డబ్బాకు మూత పెట్టి, లేచి, వెనకవాళ్ళకు అడ్డం రాకుండా వంగి, కుర్చీల మధ్య నుంచి వెళ్ళిపోయింది. అమ్మ సగం లేచింది, చుట్టూ చూసింది, మళ్ళీ కూర్చుంది. ఆంటీ చీర కట్టుకుని నేను అట్లాగే నిలబడి ఉన్నాను.

మర్నాడు ఆంటీ మామూలుగానే పలకరించింది. పెళ్ళి జాకెట్లన్నీ కుట్టి ఇచ్చింది. కాకపోతే అమ్మ వదులు పెట్టమంటే "సరే యాదమ్మగారూ" అని పెట్టేసింది. అప్పటిదాకా "ఏమే" తప్ప ఇంకో పిలుపు లేదు. ఆ "గారు" విని అమ్మ లోపలికి వెళ్ళి ఏడ్చింది. బళ్ళు తెరిచేలోపే వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి విజయవాడ వెళ్ళిపోయారు. మిషనును ట్రాలీ ఆటోలో ఎక్కిస్తుంటే అమ్మ ఒక పక్క పట్టింది.

తెలంగాణ వచ్చింది. వచ్చిన రోజు అమ్మా నేనూ బజార్లో ఆడిపాడాం, ఆ సంతోషంలో అబద్ధం లేదు. ఇప్పుడా పండ్ల మార్కెట్ ఊరి బయటికి పోయింది, ఆ ఇంటి చోట అపార్ట్‌మెంటు లేచింది, తల్లి వేషం కిరీటంతో సహా దుకాణంలో కిరాయికి దొరుకుతుంది. పోయిన నెల ఆంటీ కొడుకు మా నంబరు ఎట్లాగో పట్టుకుని ఫోన్ చేశాడు, ఆమె చనిపోయిందని.

"ఆ దినం నేను గూడ లేశి ఆమెతోని పోవాల్సి ఉండె" అంది అమ్మ.

"నేను స్టేజీ మీద ఉంటి కదమ్మా, నన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోతవ్?" అన్నాను, ఊరడిద్దామని.

"నువ్వు బొమ్మవు బిడ్డా, నిన్ను కదలొద్దన్నరు. నన్నెవలన్నరు?"